ప్రఖ్యాత ఇతివృత్తం – స్వతంత్ర దర్శకుడు: హాలీవుడ్ సూపర్‌హీరో చిత్రాల్లో కర్తృత్వ పరిణామం (1989–2023)

ఉపోద్ఘాతం

2015 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ‘కాప్ కార్’ అనే చిన్న చిత్రం ప్రదర్శితమైంది. ఇద్దరు పిల్లలు, నిర్జన ప్రదేశంలో నిలిపి ఉన్న ఒక పోలీసు కారు, ఆ కారు కోసం వెతికే అధికారి – స్థూలంగా కథ ఇంతే. దాని దర్శకుడు జాన్ వాట్స్ పేరు అప్పటికి సామాన్య ప్రేక్షకులకు అంతగా పరిచయం లేదు. అదే ఏడాది జూన్‌లో స్పైడర్‌మ్యాన్ కొత్త చిత్రానికి ఆయనను దర్శకుడిగా ప్రకటించారు. 2017లో ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’గా విడుదలైన ఆ చిత్రానికి సుమారు 17.5 కోట్ల డాలర్లు వెచ్చించారు.

ఇది ఒక్క వాట్స్ అనుభవం కాదు. మార్క్ వెబ్, జోష్ ట్రాంక్, టైకా వైటీటీ, రయన్ కూగ్లర్, క్లోయీ జావో, నియా డకోస్టా వంటి వారందరూ పరిమిత వ్యయంతో తీసిన చిత్రాల ద్వారా గుర్తింపు పొంది, స్వల్పకాలంలోనే సూపర్‌హీరో చిత్రాల దర్శకత్వానికి ఎంపికైనవారే. అపార ధనం వెచ్చించే సంస్థలు అనుభవజ్ఞులను విడిచి అల్పవ్యయ చిత్రాల దర్శకులను ఎందుకు ఎన్నుకున్నాయి అన్న ప్రశ్నకు రెండు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. కొత్త దృష్టి కోసమేనన్నది సంస్థల పక్షం. పేరు లేని దర్శకుడు ఎదురు చెప్పడు, తక్కువ పారితోషికానికి దొరుకుతాడు అన్నది విమర్శకుల పక్షం. ఈ రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఒకే విధానం కింద నియమితులైన దర్శకుల్లో కొందరి ముద్ర చిత్రంలో స్పష్టంగా నిలవడానికి, మరికొందరిది తుడిచిపెట్టుకుపోవడానికి కారణమేమిటో ఇవి వివరించవు. ఆ భేదానికి మూలం కథ ఎవరి అధీనంలో ఉన్నదన్న విషయంలో ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

ప్రఖ్యాతం – ఉత్పాద్యం: ఒక పరిభాష

రూపకంలోని ఇతివృత్తాన్ని ధనంజయుడు దశరూపకంలో ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. ఇతిహాస పురాణాదుల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండింటి కలయిక మిశ్రం. తెలుగు కావ్య విమర్శకు సుపరిచితమైన ఈ విభాగం ప్రస్తుతాంశ పరిశీలనకూ ఉపకరిస్తుంది. స్వతంత్ర చిత్రం ప్రాయికంగా ఉత్పాద్యం. దర్శకుడే రచయితగానో సహరచయితగానో ఉండి, తన ఎరుకలోని జీవితాన్ని కథగా మలచుకుంటాడు. సూపర్‌హీరో చిత్రం ప్రఖ్యాతం. సూపర్‌మ్యాన్ ఏ గ్రహం నుంచి వచ్చాడో, బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రులు ఎలా మరణించారో ప్రేక్షకుడికి ముందే తెలుసు. తెలిసిన కథను దర్శకుడు ఎలా చెప్పాడన్నదే అక్కడి ఆసక్తి.

అయితే ఒక మౌలిక భేదాన్ని విస్మరించరాదు. రాజరాజనరేంద్రుడు నన్నయను భారతాంధ్రీకరణకు నియోగించాడు గాని వ్యాసభారతం ఆ రాజు సొత్తు కాదు. రెండు శతాబ్దాల తరువాత తిక్కన విరాటపర్వం నుంచి కథను అందుకుని, తన కృతిని హరిహరనాథునికి అంకితం చేయడానికి చాళుక్య వంశీయుల అనుమతి కోరవలసిన పని లేకపోయింది. ప్రఖ్యాత కథ అందరిదీ కావడం వల్లనే దానిపై కవి స్వేచ్ఛ సాధ్యమైంది. సూపర్‌హీరో కథ ప్రసిద్ధిలో పురాణం వంటిదే. హక్కులో మాత్రం ప్రైవేటు ఆస్తి. సూపర్‌మ్యాన్ సృష్టికర్తలైన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు ప్రచురణ సంస్థకు ధారాదత్తం చేశారు. కథను సృష్టించినవారికే దానిపై అధికారం మిగలని వ్యవస్థలో, దశాబ్దాల తరువాత ఆ కథను తెరకెక్కించడానికి వచ్చిన దర్శకుడి స్థానం ఏమిటన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

తొలి దశ: 1989–2005

1989 రెండు కారణాల వల్ల గుర్తింపదగిన సంవత్సరం. స్టీవెన్ సోడర్‌బర్గ్ ‘సెక్స్, లైస్ అండ్ వీడియోటేప్’ సన్‌డాన్స్‌లో ప్రేక్షకుల పురస్కారాన్ని, కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతిని గెలుచుకుని అమెరికన్ స్వతంత్ర చిత్రానికి వాణిజ్య గౌరవం సంపాదించిపెట్టింది. అదే ఏడాది విడుదలైన ‘బ్యాట్‌మ్యాన్’ ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పరస్పర విరుద్ధాలుగా కనిపించిన ఈ రెండు ధోరణులు తరువాతి పాతికేళ్లలో ఒకే మార్గంలో కలిశాయి.

‘బ్యాట్‌మ్యాన్’ దర్శకుడు టిమ్ బర్టన్‌ది అప్పటికి ముప్ఫై ఏళ్ల వయసు. ‘పీవీస్ బిగ్ అడ్వెంచర్’ (1985), ‘బీటిల్‌జ్యూస్’ (1988) అనే రెండు హాస్య చిత్రాలే అతని అనుభవం. అవి స్టూడియో చిత్రాలే కనుక బర్టన్‌ను కచ్చితార్థంలో స్వతంత్ర దర్శకుడనలేము. అయినా భారీ చిత్రం తీయని, విలక్షణ దృశ్యశైలి గల యువకుడికి సుప్రసిద్ధమైన పాత్రను అప్పగించవచ్చన్న పూర్వనిదర్శనం ఆ చిత్రంతో ఏర్పడింది.

తరువాతి ఉదాహరణలు స్వతంత్ర చిత్రరంగం నుంచే వచ్చాయి. బ్రయన్ సింగర్ ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ (1995) సుమారు 60 లక్షల డాలర్లతో తయారైంది. అతని ‘ఎక్స్‌మెన్’ (2000) వ్యయం సుమారు 7.5 కోట్లు. స్నేహితులతో కలిసి నాలుగు లక్షల డాలర్లలోపు ఖర్చుతో ‘ది ఈవిల్ డెడ్’ (1981) తీసిన సామ్ రెయిమీ, రెండు దశాబ్దాలు వివిధ ప్రక్రియల్లో పనిచేసిన తరువాత ‘స్పైడర్‌మ్యాన్’ (2002)కు దర్శకుడయ్యాడు. క్రిస్టొఫర్ నోలన్ తొలి చిత్రం ‘ఫాలోయింగ్’ (1998) కొద్ది వేల డాలర్లతో, వారాంతాల్లో చిత్రీకరించినది. ఆపై ‘మెమెంటో’ (2000), ‘ఇన్‌సోమ్నియా’ (2002), అటుపై ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ (2005) వచ్చాయి.

ఈ దశలో రెండు లక్షణాలు ప్రధానమైనవి. మొదటిది సోపానక్రమం. నోలన్ కొన్ని వేల డాలర్ల నుంచి 15 కోట్ల డాలర్లకు ఒక్క అంగలో చేరలేదు. నడుమ సుమారు 4.6 కోట్ల వ్యయంతో, పేరున్న నటులతో, స్టూడియో క్రమశిక్షణలో తీసిన ‘ఇన్‌సోమ్నియా’ ఉంది. రెయిమీకి ‘ఎ సింపుల్ ప్లాన్’ (1998) వంటి మధ్యస్థ చిత్రాలున్నాయి. రెండవది కథపై అధికారం. 1997లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ విమర్శల పాలై ఆ చిత్రమాల నిలిచిపోయింది. ఆ స్థితిలో కథను తొలినుంచి పునర్నిర్మించే అవకాశం నోలన్‌కు దక్కింది. చిత్రానువాదంలో అతను భాగస్వామి. ‘మెమెంటో’ నుంచి తనతో ఉన్న ఛాయాగ్రాహకుడు వాలీ ఫిస్టర్‌ను కొనసాగించాడు. అతని చిత్రం అంతకుముందు తీసినవాటికిగాని, సమకాలంలో ఇతరులు తీస్తున్నవాటికిగాని కట్టుబడి ఉండవలసిన అవసరం లేదు. ప్రఖ్యాత ఇతివృత్తం ఇక్కడ మిశ్రంగా మారడానికి వీలు కలిగింది.

మార్వెల్ స్టూడియోస్: సంస్థే కర్త

1996 చివరలో మార్వెల్ సంస్థ దివాళా రక్షణ కోరింది. ఆర్థిక అవసరాల మధ్య స్పైడర్‌మ్యాన్ చిత్ర హక్కులు సోనీకి, ఎక్స్‌మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ హక్కులు ఫాక్స్‌కు చేరాయి. ఆ చిత్రాల లాభంలో అధికభాగం ఇతరులకు పోవడం గమనించిన మార్వెల్, 2005లో మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల రుణ సదుపాయం పొంది స్వయంగా చిత్ర నిర్మాణానికి పూనుకుంది. తన పాత్రల చిత్ర హక్కులనే ఆ రుణానికి తాకట్టు పెట్టింది. 2008లో ‘ఐరన్ మ్యాన్’ విజయం సాధించింది. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనుగోలు చేసింది.

పాత్రలను తాకట్టు పెట్టిన సంస్థకు ఒక్కో చిత్రం విడి కృతి కాదు. ఒకే మహాకథలో ఒక పర్వం. ఒక చిత్రంలో నాటిన సూచన మూడేళ్ల తరువాత మరో చిత్రంలో ఫలించాలి. ఒక దర్శకుడు ఒక పాత్రను చంపదలచుకుంటే మరో నలుగురి చిత్రాలు తారుమారవుతాయి. ఈ సమన్వయ భారం నిర్మాత కెవిన్ ఫైగీ నాయకత్వంలోని బృందానిది. సాంప్రదాయికంగా దర్శకుడి పరిధిలో ఉండే పనుల్లో గణనీయమైన భాగం ఆ బృందం చేతుల్లోకి వెళ్లింది. భారీ పోరాట ఘట్టాలను చిత్రీకరణకు చాలా ముందే కంప్యూటర్‌లో యానిమేషన్ రూపంలో రచించే పద్ధతి స్థిరపడింది. పరిశ్రమలో ప్రీవిజ్‌గా వ్యవహరించే ఈ ప్రక్రియకు ప్రత్యేక సంస్థలు, నిపుణులు ఉన్నారు. వేరే యూనిట్ దర్శకుడు ఆ ఘట్టాలను చిత్రీకరిస్తాడు. వివిధ దేశాల్లోని విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలు వాటిని పూర్తిచేస్తాయి.

ఇటువంటి శ్రమ విభజనలో ప్రధాన దర్శకుడికి మిగిలేవి నటుల నిర్వహణ, సంభాషణల లయ, హాస్య కరుణాది రసాల పోషణ. స్వతంత్ర చిత్రాలు తీసినవారికి కరతలామలకమైన విద్యలు ఇవే. ఒక గదిలో ఇద్దరు మనుషుల నడుమ జీవం పుట్టించడం తెలిసినవాడు కావాలి. ఆకాశంలో నగరాలు కూల్చే పని సంస్థ చూసుకుంటుంది. అర్జెంటీనా దర్శకురాలు లుక్రేసియా మార్తెల్ 2018లో ఒక భారతీయ పత్రికతో మాట్లాడుతూ, ‘బ్లాక్ విడో’ చిత్రం కోసం తనను సంప్రదించినప్పుడు పోరాట సన్నివేశాల గురించి ఆలోచించనవసరం లేదని, అవి తాము చూసుకుంటామని చెప్పారని వెల్లడించారు. పోరాటాలను కూడా తానే తీయాలనుకుంటానన్నది ఆమె అభిప్రాయం. ‘దర్శకత్వం’ అనే ఒకే మాటకు ఆ సంస్థ ఇచ్చుకున్న అర్థం, ఆమె ఇచ్చుకున్న అర్థం వేర్వేరని ఈ సంఘటన స్పష్టం చేస్తుంది.

నియామకానికి లొంగుబాటే కారణమన్న వాదం ఈ నేపథ్యంలో సవరణకు లోనవుతుంది. సంస్థకు కావలసింది మొత్తం కర్తృత్వం కాదు, దానిలో ఒక భాగం. ఆ భాగంతో తృప్తిపడలేనివారు నిష్క్రమించారు. ‘యాంట్‌మ్యాన్’పై ఏళ్ల తరబడి పనిచేసిన ఎడ్గర్ రైట్, చిత్రంపై దృక్పథ భేదాల కారణంగా 2014 మేలో వైదొలిగాడు. ఆ స్థానంలో పెయటన్ రీడ్ వచ్చాడు. మరోవైపు, ట్రోమా సంస్థ చౌకబారు భయానక చిత్రాలతో వృత్తి ఆరంభించి, ‘స్లిదర్’ (2006), ‘సూపర్’ (2010) తీసిన జేమ్స్ గన్ ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ (2014)లో తన వెటకారాన్ని, పాత పాటల మీది మమకారాన్ని యథేచ్ఛగా నిలుపుకోగలిగాడు. ఆ పాత్రలు అప్పటికి సామాన్య ప్రేక్షకులకు దాదాపు అపరిచితాలు. మహాకథలో అంచున ఉన్నవి. ప్రసిద్ధి తక్కువైన చోట దర్శకుడి స్వేచ్ఛ ఎక్కువైంది.

మధ్య మెట్టు లోపించిన కాలం

2010 తరువాత నియామకాల్లో వేగం పెరిగింది. ‘500 డేస్ ఆఫ్ సమ్మర్’ (2009) సుమారు 75 లక్షల డాలర్ల ప్రేమకథ. మూడేళ్లకే మార్క్ వెబ్ ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ (2012) తీశాడు. దాని వ్యయం 20 కోట్లకు పైమాటే. మధ్యస్థ వ్యయ చిత్రాలు అమెరికన్ స్టూడియోల ప్రణాళికల్లో క్రమంగా తగ్గిపోవడం ఈ వేగానికి ప్రధాన కారణం. నోలన్‌కు ‘ఇన్‌సోమ్నియా’ వంటి మెట్టు దొరికింది. వెబ్ తరానికి నేల, మేడ తప్ప నడిమి మెట్లు కరవయ్యాయి.

దీని పర్యవసానం జోష్ ట్రాంక్ ఉదంతంలో కనిపిస్తుంది. సుమారు 1.2 కోట్ల డాలర్లతో తీసిన ‘క్రానికల్’ (2012) ఘనవిజయం సాధించడంతో, ఇరవైల వయసులోని ఆ దర్శకుడికి ఫాక్స్ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ అప్పగించింది. సుమారు 12 కోట్ల వ్యయంతో తయారైన ఆ చిత్రంలో కొన్ని భాగాలను మళ్లీ చిత్రీకరించారు. 2015 ఆగస్టులో విడుదలకు ముందురోజే, తాను అనుకున్న రూపం వేరని, దానిని ప్రేక్షకులు ఎప్పటికీ చూడలేరని ట్రాంక్ బహిరంగంగా ప్రకటించాడు. చిత్రం పరాజయం పాలైంది. అతని తదుపరి చిత్రం ‘కపోన్’ రావడానికి 2020 దాకా పట్టింది. తప్పు దర్శకుడిదా, సంస్థదా అన్న వివాదాన్ని పక్కన పెట్టినా, పరాజయ భారం పంపిణీలోని అసమానత స్పష్టం. సంస్థకు అది అనేక చిత్రాల్లో ఒకటి. దర్శకుడికి వృత్తి జీవితంలో అయిదేళ్లు.

అవకాశాల పంపిణీలోనూ ఇదే అసమానత ఉంది. వెబ్‌కు, ట్రాంక్‌కు ఒక్క చిన్న చిత్రం తరువాత మూడేళ్లలో వచ్చిన అవకాశం ప్యాటీ జెన్‌కిన్స్‌కు పద్నాలుగేళ్లకు దక్కింది. ఆమె తొలి చిత్రం ‘మాన్‌స్టర్’ (2003) చార్లీజ్ థెరాన్‌కు ఆస్కార్ సంపాదించిపెట్టింది. అయినా ఆమె రెండవ చలనచిత్రం ‘వండర్ ఉమన్’ 2017లో గాని రాలేదు. ప్రపంచవ్యాప్తంగా 82 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన ఆ చిత్రం, అంతకాలపు జాప్యానికి ప్రతిభాలోపం కారణం కాదని నిరూపించింది. పేరులేని దర్శకులను సాహసించి నమ్ముతామన్న సంస్థల మాట, చాలాకాలం ఒక వర్గానికే వర్తించిందని దీనివల్ల తేలుతుంది.

కర్తృత్వం నిలిచిన తీరు

ఈ చరిత్రలో విశేష పరిశీలనకు అర్హమైనది రయన్ కూగ్లర్ ప్రస్థానం. 2009 నూతన సంవత్సరం నాటి తెల్లవారుజామున ఓక్లాండ్‌లోని రైల్వే స్టేషన్‌లో ఆస్కర్ గ్రాంట్ అనే నల్లజాతి యువకుడిని పోలీసు అధికారి కాల్చిచంపాడు. ఆ యువకుడి చివరి రోజును చిత్రించిన ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ (2013) సుమారు 9 లక్షల డాలర్లతో తయారై సన్‌డాన్స్‌లో అత్యున్నత బహుమతి పొందింది. కూగ్లర్‌కు మధ్య మెట్టు కూడా లభించింది. అది ‘క్రీడ్’ (2015). ఆ తరువాతే ‘బ్లాక్ పాంథర్’ (2018) వచ్చింది.

సుమారు 20 కోట్ల డాలర్ల వ్యయమైన ఆ చిత్రంలో కథ పునాది ఘట్టం ఓక్లాండ్‌లోనే, 1992లో, ఒక బహుళ అంతస్తుల భవనంలో జరుగుతుంది. వకాండా అనే కల్పిత ఆఫ్రికా రాజ్య వైభవానికి ప్రతిపక్షంగా, ఆ వైభవం తనకెందుకు దక్కలేదని నిలదీసే అమెరికన్ నల్లజాతి యువకుడిని కూగ్లర్ నిలబెట్టాడు. ప్రతినాయకుడి ప్రశ్న నాయకుడి రాజనీతినే మార్చివేస్తుంది. ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’లోని దుఃఖమే ఇక్కడ రాజకీయ ప్రశ్నగా పరిణమించింది. చిత్రానువాదంలో అతను భాగస్వామి. ఛాయాగ్రాహకురాలు రేచెల్ మోరిసన్, కళాదర్శకురాలు హానా బీచ్‌లర్, సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్సన్ – ముగ్గురూ ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’ నుంచి అతనితో ఉన్నవారే. బీచ్‌లర్, గోరాన్సన్ ఇద్దరికీ ఆస్కార్‌లు లభించాయి. వ్యక్తిగా గాక బృందంగా ప్రవేశించడం అతని కర్తృత్వానికి రక్షణ కల్పించింది. అయినా పతాక సన్నివేశంలోని కంప్యూటర్ పోరాటం మిగిలిన చిత్రంతో అతకలేదన్న విమర్శ వచ్చింది. సంస్థాగత శ్రమ విభజన అతుకు ఆ చోట బయటపడింది.

దీనితో పోల్చదగినది క్లోయీ జావో అనుభవం. ‘నోమాడ్‌ల్యాండ్’ (2020)కు 2021 ఏప్రిల్‌లో ఉత్తమ దర్శకత్వ ఆస్కార్ పొందిన ఆమె చిత్రం ‘ఎటర్నల్స్’ అదే ఏడాది నవంబరులో విడుదలైంది. సహజకాంతి, విశాల భూదృశ్యాలు, తీరిక గల లయ – జావో శైలి లక్షణాలు అందులో లేకపోలేదు. కాని పది మంది కొత్త నాయకులను, వేల ఏళ్ల కాలవ్యవధిని పరిచయం చేయవలసిన కథాభారం ఆ లయను నిలువనీయలేదు. దృశ్యం ఆమెది, కథాగమనం మహాకథది అయింది. నియా డకోస్టా ‘ది మార్వెల్స్’ (2023)లో ఈ భారం మరింత పెరిగింది. ముందటి చిత్రాన్నే గాక టెలివిజన్ ధారావాహికలను కూడా చూసివచ్చిన ప్రేక్షకుడిని ఆ కథ ఆశించింది. ఆమెకు ‘క్యాండీమ్యాన్’ (2021) వంటి మధ్య మెట్టు ఉన్నా ప్రయోజనం పరిమితమైంది. సోపానక్రమం అవసరమే గాని, కథపై అధికారం లేనప్పుడు అదొక్కటే చాలదని దీనివల్ల స్పష్టమవుతుంది.

తెలుగు, మలయాళ ఉదాహరణలు

భారతీయ భాషల్లో ఇటీవలి సూపర్‌హీరో చిత్రాలు ఈ చర్చకు ఒక ప్రత్యామ్నాయాన్ని చూపుతాయి. ప్రశాంత్ వర్మ తొలి చిత్రం ‘అ!’ (2018) పరిమిత వ్యయంతో తీసిన ప్రయోగాత్మక చిత్రం. రూపాలంకరణ, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో జాతీయ పురస్కారాలు పొందింది. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో అతను అంజనాద్రి అనే కల్పిత గ్రామాన్ని, హనుమంతు అనే సామాన్య యువకుడిని సృష్టించి, హనుమంతుడి రక్తబిందువు నుంచి పుట్టిన మణి ద్వారా అతనికి శక్తి ప్రసాదించాడు. కథానాయకుడు ఉత్పాద్యం, శక్తి మూలం ప్రఖ్యాతం; దశరూపక పరిభాషలో ఇది అచ్చమైన మిశ్రం. మలయాళంలో డొమినిక్ అరుణ్ ‘లోక’ (2025)కు కేరళ జానపద గాథల్లోని కళ్లియంకాట్టు నీలి ఆధారం.

ఈ దర్శకులు ఒక కంపెనీ ఆస్తికి నియమిత నిర్వాహకులు కారు. హనుమంతుడిపైగాని, నీలిపైగాని ఎవరికీ గుత్తహక్కు లేదు. అందరిదీ అయిన కథను ఎన్నుకున్నందువల్ల వారి స్వేచ్ఛ తొలి చిత్రంలో హెచ్చుగా ఉంది. అయితే ఈ రెండు చిత్రాలూ చిత్రమాలలకు ఆరంభాలుగా రూపొందినవే. మాల పొడవు పెరిగేకొద్దీ, అందులో పూసలు గుచ్చడానికి రాబోయే ఇతర దర్శకులకు ఇదే స్వేచ్ఛ ఉంటుందా అన్నది తెలుగు, మలయాళ పరిశ్రమలు మున్ముందు ఎదుర్కోవలసిన ప్రశ్న.

ముగింపు

1989–2023 మధ్యకాలపు ఉదాహరణలను సమీక్షించినప్పుడు మూడు అంశాలు నిర్ధారితమవుతాయి. ఒకటి: స్వతంత్ర దర్శకుల నియామకం తొలుత పాడుబడిన కథలకు కొత్త ఊపిరి పోసే ప్రయత్నం; 2008 తరువాత అది సంస్థాగత శ్రమ విభజనలో ఒక స్థిరమైన ఏర్పాటుగా మారింది. రెండు: దర్శకుడి ముద్ర నిలవడం వ్యయం పరిమాణాన్ని బట్టిగాని, ప్రతిభనొక్కదానిని బట్టిగాని నిర్ణయం కాలేదు. కథారచనలో భాగం, తనవారైన సాంకేతిక నిపుణుల తోడు, మహాకథ నుంచి కొంత దూరం – ఈ మూడూ ఎంత మేరకు లభిస్తే అంత మేరకు అది నిలిచింది. మూడు: ప్రఖ్యాత కథ సమష్టి సంపదగా ఉన్నప్పుడు కవికి ఆలంబనమయింది, ఒక సంస్థ సొత్తుగా ఉన్నప్పుడు దర్శకుడికి ఎల్లగా మారింది.

కూగ్లర్ తదుపరి నిర్ణయం ఈ మూడవ అంశానికి బలం చేకూరుస్తుంది. ‘సిన్నర్స్’ (2025) అనే సొంత కథను తీసేటప్పుడు, ఇరవై ఐదేళ్ల తరువాత ఆ చిత్రం హక్కులు తనకే తిరిగి వచ్చేలా అతను నిర్మాణ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. 130 డాలర్లకు సూపర్‌మ్యాన్‌ను వదులుకున్న ఇద్దరు యువకుల కథకు, ఎనభై ఏడేళ్ల తరువాత వచ్చిన ఈ ఒప్పందానికి మధ్య కర్తృత్వ చరిత్ర అంతా ఉంది. చలనచిత్ర కర్తృత్వాన్ని గురించిన చర్చ శైలి పరిశీలనతో ఆగక, హక్కుల పత్రాన్ని కూడా చదవవలసిన అవసరాన్ని ఈ చరిత్ర గుర్తుచేస్తున్నది.